ఇంటింటి కంప్యూటర్: రంగు గడుల వెతుకులాట



ఆ మధ్య ఒక పెద్దావిడ నాకు ఫోను చేశారు. "ఏం బాబూ, మా ఆయన పోయి రెండేళ్ళయింది. మీరే వచ్చి దండ వేసి వెళ్ళారు. ఇప్పుడాయన పేరిట చందా కట్టమని ఉత్తరం పంపారేమిటి?" అన్నారు. కోప్పడినా బాగుండేది. చాలా నెమ్మదిగా అడిగారు. నాకు నోట మాట రాలేదు.

తప్పెక్కడ జరిగిందో ఆ రాత్రే చూశాను. మన సభ్యుల పట్టిక ఎక్సెల్‌లో ఉంది. కాలం చేసినవారి పేరు గడికి బూడిద రంగు, ఆ ఏటి చందా కట్టినవారికి పసుపు, జీవిత సభ్యులకు ఆకుపచ్చ వేయడం మన అలవాటు. చూడడానికి ఇంపుగానే ఉంటుంది. కాని పట్టికలోంచి ఉత్తరాలు తయారుచేసే మెయిల్ మెర్జ్ గడిలోని అక్షరాలనే తీసుకుంటుంది. కౌంట్‌ఇఫ్ వంటి సూత్రాలూ అంతే, రంగును లెక్కించవు.

మరి ఆ రంగు గడులన్నీ ఒక్కసారిగా పట్టుకోవడమెలా? కంట్రోల్ మీట నొక్కిపట్టి ఎఫ్ నొక్కండి. వచ్చిన పెట్టెలో ఆప్షన్స్, తర్వాత ఫార్మాట్ నొక్కి, ఫిల్ అనే పుటలో మీకు కావలసిన రంగు ఎంచుకోండి. వెతకవలసిన మాట రాసే చోటు ఖాళీగా వదిలి, ఫైండ్ ఆల్ నొక్కండి. ఆ రంగు గడుల జాబితా, ఎన్ని ఉన్నాయన్న లెక్కతో సహా కింద వస్తుంది. అప్పుడు కంట్రోల్‌తో ఎ నొక్కితే అన్నీ ఒకేసారి ఎంపికవుతాయి.

ఫార్మాట్ పక్కనున్న చిన్న బాణంలో, ఒక గడిని చూపించి అలాంటివే వెతకమనే సదుపాయం కూడా ఉంది. నేను మొదట దానికే ఆశపడ్డాను. నేను చూపిన గడిలో అక్షరాలు లావుగా ఉన్నాయి. దాంతో లావు అక్షరాలున్న బూడిద గడులే దొరికాయి, మిగతావి తప్పించుకున్నాయి. అందుకే రంగు మాత్రమే ఎంచుకోవడం మేలు. పని అయ్యాక క్లియర్ ఫైండ్ ఫార్మాట్ నొక్కడం మరవకండి. లేకపోతే తర్వాత మామూలు మాట వెతికినా, ఆ రంగు గడుల్లోనే వెతికి "లేదు" అంటుంది.

ఇంకో చిక్కు. షరతును బట్టి తనంతట తానే మారే రంగు, అంటే కండిషనల్ ఫార్మాటింగ్ వేసిన రంగు, ఈ వెతుకులాటకు చిక్కదు. దానికి ఫిల్టర్ వాడాలి. ఎక్సెల్ 2007 నుంచి ఫిల్టర్ బై కలర్ ఉంది. అయితే ఒకసారికి ఒకే రంగు చూపుతుంది. అందులోనే మన పట్టికలో రెండు పసుపులున్నాయని బయటపడింది! ఒకటి పాత కార్యదర్శిగారిది, రెండోది నాది. నా కంటికి రెండూ ఒకటే. ఎక్సెల్‌కు మాత్రం వేరు వేరు.

సరే, దొరికిన గడులను ఏం చేశానంటారా? పేరు పక్కన "స్థితి" అని కొత్త నిలువు వరుస పెట్టాను. బూడిద రంగుకు ఫిల్టర్ వేసి, ఆ కొత్త వరుసలో కనిపించే గడులను ఎంపికచేసి, ఆల్ట్‌తో సెమీకోలన్ నొక్కాను. దీనివల్ల దాగిన అడ్డు వరుసలు ఎంపికలోంచి తొలగిపోతాయి. "కీ.శే." అని టైపు చేసి కంట్రోల్‌తో ఎంటర్ కొడితే అన్నిటా ఒకేసారి పడింది. ఈ పని పేర్ల వరుసలో చేశారో, పేర్లన్నీ పోయి "కీ.శే." మాత్రమే మిగులుతుంది. ముందుగా పట్టికకు నకలు తీసుకోండి.

మర్నాడు ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళి వచ్చాను. కాఫీ ఇచ్చారు. పత్రిక ఇకమీదట తన పేరిట పంపమన్నారు.

ఈ సంచిక చిరునామా చీటీలు కొత్త వరుస చూసి తీసినవే. మీ చీటీలో ఇంకా ఏదైనా పొరపాటుంటే దయచేసి కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాయండి.