కిల్టు కుట్టాలంటే ముందు గుడ్డ చూడాలి

మా చెల్లెలు ఎడింబరోలో ఉంటుంది. దాని కూతురికి పదేళ్ళు. అక్కడి హైలాండ్ డాన్సు నేర్చుకుంటోంది. ఒకరోజు ఫోనులో "పెద్దమ్మా, నాకు కిల్టు కుట్టిపెడతావా?" అనడిగింది. అక్కడ చేత్తో కుట్టించాలంటే వందల పౌండ్లు అవుతుందిట. నేను కూడా ఆలోచించకుండా "అదెంతసేపే, గళ్ళ లంగానేగా!" అనేశాను. పిల్ల వెంటనే తన క్లాసులో అందరికీ చెప్పేసుకుంది. ఇక వెనక్కి తీసుకోడానికి లేదు.

ముందు మాదిరికని మా ఊరి బజార్లో గళ్ళ టెర్రీకాటన్ కొన్నాను. అచ్చు గుద్దిన గళ్ళు. రెండ్రోజులు కూర్చుని కుట్టాను. వాళ్ళు జులైలో సెలవులకి వచ్చినప్పుడు వేసి చూస్తే ఏముంది, గిరుక్కున తిరగ్గానే గొడుగులా పైకి లేచిపోయింది! లోపలి వైపు తెల్లగా వెలవెలబోతూ కనిపించింది. పైగా అచ్చు గళ్ళు పోగు వెంట సరిగ్గా లేవేమో, కుచ్చిళ్ళన్నీ ఒక పక్కకి ఒరిగాయి. పిల్ల ఏమీ అనలేదు గానీ, మొహం చిన్నబుచ్చుకుంది. ఆ మొహం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడుగానీ నేను అసలు గుడ్డ సంగతి పట్టించుకోలేదు. కిల్టుకి వాడేది ఊలు. ట్విల్ నేత, అంటే పోగు రెండింటి పైనుంచి, రెండింటి కిందనుంచి వెళ్తుంది. దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. గళ్ళు పడుగూ పేకల్లోనే నేసి ఉంటాయి కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటాయి. బరువు ఔన్సుల్లో చెబుతారు. పదీ పదకొండు ఔన్సులది తేలిక, డాన్సు పిల్లలకి అదే బాగుంటుంది. పదమూడు మధ్యరకం. పదహారు ఔన్సులది మగవాళ్ళ మంచి కిల్టులకి. బరువుంటేనే కుచ్చిళ్ళు కిందికి నిలుస్తాయి, తిరిగినప్పుడు ఊగి మళ్ళీ వాటి చోటికి అవే వచ్చేస్తాయి. మన పట్టుచీర కుచ్చిళ్ళు నిలిచినట్టు నైలాన్ చీరవి నిలుస్తాయా చెప్పండి!

పాలియెస్టరు, విస్కోసు కలిపినవీ దొరుకుతాయి. చవక, ఇంట్లో ఉతుక్కోవచ్చు. స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్సుకైతే అవి చాలు. కాకపోతే ఊలని చెప్పి అవి అంటగడితే కష్టం. అంచునుంచి నాలుగు పోగులు లాగి, పట్టుకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్ల చూపించండి. ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళకి పొడి అయిపోతుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసలా అవుతుంది.

ఇక ఎంత గుడ్డ కావాలన్నది నడుము కొలతని బట్టి మాత్రమే కాదు, గడిని బట్టి కూడా. గళ్ళ నమూనా ఒకసారి మొదలై మళ్ళీ అదే వచ్చేదాకా ఉన్న పొడవుని వాళ్ళు 'సెట్' అంటారు. ఒక్కో కుచ్చిలి ఒక్కో సెట్ మింగేస్తుంది. అలా మడిస్తేనే వెనక వైపు కూడా గళ్ళు చెదరకుండా కనిపిస్తాయి. మా పిల్లకి సెట్ అయిదంగుళాలు, ఇరవై కుచ్చిళ్ళు. అంటే వంద అంగుళాలు కుచ్చిళ్ళకే. ముందు వైపు ఒకదానిమీద ఒకటి వచ్చే రెండు సాదా భాగాలకీ, లోపలి మడతలకీ ఇంకో యాభై. నాలుగు గజాల పైచిలుకు! పెద్దవాళ్ళకి ఎనిమిది గజాలదాకా పడుతుంది. సెట్ పెద్దదైతే గుడ్డా పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అందుకని పిల్లలకి చిన్న గడే మేలు.

అసలు చిక్కు మాత్రం వేరే ఉంది. కిల్టుకి కింద మడిచి కుట్టరు. గుడ్డ అంచే కింది అంచు. గుడ్డేమో రెట్టింపు పన్నాతో వస్తుంది, పొడవునా మధ్యకి చీల్చి రెండు ముక్కలూ కలుపుకోవాలి, అతుకు కుచ్చిలి లోపల దాచెయ్యాలి. రెండు ముక్కల అంచులూ కిందికే రావాలంటే ఒక ముక్కని పూర్తిగా తిప్పి పెట్టాలి కదా! అలా తిప్పినా గళ్ళు కలవాలంటే నమూనా కుడినుంచి చూసినా ఎడమనుంచి చూసినా ఒకటే అయి ఉండాలి. చెల్లెలు తెచ్చిన ముక్కల్లో మా పిల్ల మనసు పడింది బుకానన్ అనే రకం మీద. పసుపూ ఎరుపూ పచ్చా కలిసి భలే ఉంటుంది, కానీ ఆ గళ్ళు రెండు వైపులా ఒకలా ఉండవు. ఆ సంగతి నాకు పాత లుంగీ ముక్కల మీద సుద్దతో గీసి, తిప్పి చూసుకుంటే తెలిసింది. లేకపోతే చెల్లెలు ఆ గుడ్డే తెప్పించేది, నేను కత్తెర పెట్టేసేదాన్ని.

"ఇది వద్దు తల్లీ" అంటే ఏడ్చింది. ఎందుకో ఆ లుంగీ ముక్కల మీదే చూపించాను. కాసేపు వాటిని అటూ ఇటూ తిప్పుకుని, "అయితే ఇది" అని తెలుపు ఎక్కువున్న డ్రెస్ స్టూవర్ట్ చూపించింది. అది ఎటు తిప్పినా ఒకటే.

గుడ్డ డిసెంబరులో తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపారు. వెంటనే కొయ్యలేదు. ముందు తడిగుడ్డ వేసి ఆవిరి ఇస్త్రీ చేసి, ఒక రోజు పరుపు మీద పరిచి ఉంచాను. కుచ్చిళ్ళన్నిటికీ పైనుంచి కిందిదాకా తెల్లదారంతో పెద్ద టాకాలు వేసి, అవి ఊడదీయకుండానే ఇస్త్రీ చేశాను. మిషను ముట్టలేదు, నడుం దగ్గర కుట్లన్నీ చేత్తోనే. మూడు వారాలు పట్టింది. మావారు రెండుసార్లు చల్లారిన కాఫీ తాగారు పాపం.

మొన్న ఫోటో పంపారు. బట్టలో చెయ్యి తిరిగినవాళ్ళకి ఎడమ నుంచి మూడో కుచ్చిలి కొంచెం వెడల్పని తెలిసిపోతుంది. పిల్లకి మాత్రం ఇంకా చెప్పలేదు.