పార్టు మార్చడం రిపేరు కాదు



ఈసారి బడుల గురించీ తెలుగు పుస్తకాల గురించీ రాయడం లేదు. బండ్ల గురించి రాస్తున్నాం. ‘తెలుగు సంఘానికి నట్లూ బోల్టులతో ఏం పని?’ అని కొందరు పెద్దలు అడుగుతారు. ఉగాదికి పందిరి సామాను తెచ్చేదీ, నాటకానికి ఊళ్ళ నుంచి జనాన్ని ఎక్కించుకొచ్చేదీ మన ఆటో, టెంపో వాళ్ళే. సహాయనిధికి ఈమధ్య వస్తున్న అర్జీల్లో ‘బండి షెడ్డులో ఉంది, కంతు కట్టలేకపోయాను’ అనే మాట మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. నిధి నుంచి పోయేది మనందరి డబ్బు. కాబట్టి ఇది సంఘం పనే.

మొన్న వచ్చిన ఒక అర్జీ చూడండి. బాగలూరు వైపు సభ్యుడు. తమిళులు ‘కుట్టి యానై’ అనే చిన్న గూడ్సు బండి ఉంది ఆయనకు. రాత్రి రెండింటికి రోజా పూలు ఎత్తుకుని బెంగళూరు మార్కెట్టుకు పోవాలి. బండి సెల్ఫ్ అందుకోవడం లేదు. షెడ్డులో ‘బ్యాటరీ పోయిందన్నా’ అన్నారు. 5,600 పెట్టి కొత్త బ్యాటరీ వేశారు. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు మళ్ళీ అదే కత. ‘అయితే సెల్ఫ్ మోటారు’ అన్నారు, 6,800. వారం గడిచింది. ‘ఇక డైనమోనే’ అన్నారు, 7,900. మొత్తం 20,300, కూలీ వేరే. మధ్యలో రెండు రాత్రులు పూలు బండిలోనే వాడిపోయాయి. పూలవాళ్ళు వేరే బండి మాట్లాడుకున్నారు.

చివరికి మన సంఘంలోనే ఉన్న ఐటీఐ చదివిన కుర్రవాడు మల్టీమీటరు తీసుకుని పోయాడు. బ్యాటరీ మైనస్ కొన మీద ఒక తీగ, ఇంజను ఇనుము మీద ఇంకో తీగ పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఆ రెండింటి మధ్య మీటరు దాదాపు సున్నా చూపాలి. 0.2 వోల్టు దాటితే అనుమానించాలి. అక్కడ 2 వోల్టులు దాటింది. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ కొన తుప్పు పట్టిపోయింది. గీకి శుభ్రం చేసి, పట్టీ మార్చి, బోల్టు బిగించాడు. ఖర్చు 200 లోపే. పట్టిన సమయం, టీ తాగడంతో కలిపి, అరగంట.

మరి కొత్త బ్యాటరీ వేశాక నాలుగు రోజులు ఎలా నడిచింది? మోసమంతా ఇక్కడే ఉంది. కొత్త బ్యాటరీకి ఊపు ఎక్కువ. దారిలో రెండు వోల్టులు పోయినా మిగిలినదాంతో మోటారును తిప్పేస్తుంది. పైగా పార్టు మార్చేటప్పుడు వైర్లు విప్పి మళ్ళీ బిగిస్తారు, ఆ కదలికకే తుప్పు కాస్త రాలి కొన్నాళ్ళు కరెంటు పారుతుంది. మెకానిక్కు ‘చూశావా, బ్యాటరీనే’ అంటాడు, ఓనరు నమ్ముతాడు. రోగం కాసేపు నిద్రపోయినంత మాత్రాన మందు పనిచేసినట్టు కాదు. నాడి పట్టకుండా మందు రాసే వైద్యుడి దగ్గరికి మన పిల్లలను తీసుకుపోతామా? బండిని మాత్రం రోజూ తీసుకుపోతున్నారు.

‘ఇప్పుడు అన్నీ స్కానరే కదా, అది చెప్పాకే మారుస్తున్నాం’ అనే షెడ్లూ ఉన్నాయి. వాళ్ళతో మాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. 2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో కార్లకు ఓబీడీ-2 వచ్చింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. బండిలో సెన్సర్లు పెరిగాయి, లోపం వస్తే కంప్యూటరు కోడు చూపుతుంది. అయితే ఆ కోడు వీధి పేరు చెబుతుంది గానీ ఇంటి నంబరు చెప్పదు. పీ0171 అనే కోడు తీసుకోండి. ఇంజనులో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని దాని అర్థం. ఆ సంగతి కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సరు. షెడ్డువాళ్ళు చేసేదేమిటి? ఆ సెన్సరునే పీకి కొత్తది వేస్తారు. కబురు తెచ్చినవాడి మీదే దెబ్బ! ఇన్‌టేక్ గొట్టం ఎక్కడో చీలి గాలి పీలుస్తుండవచ్చు, పెట్రోలు పంపు బలం తగ్గి ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సరుకు దుమ్ము పట్టి ఉండవచ్చు. గొట్టం చీలికను కంటితో చూసి, చెవితో వినే కనిపెట్టవచ్చు. పంపు ప్రెషరుకు గేజి ఉంది. ఇవేవీ చూడకుండా కోడు చూసి బిల్లు రాసేవాడికి స్కానరు చేతిలో ఉన్నా లేకున్నా ఒకటే.

డీజిలు బీఎస్-6 బండ్లవాళ్ళకు ఇంకో దెబ్బ ఉంది. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, వేడి మీద నడవాలి. ఊళ్ళోనే ఆగుతూ ఆగుతూ తిరిగే బండికి ఆ అవకాశం లేదు. లైటు వెలిగితే ఫిల్టరు మార్చమంటారు, అది పదివేలల్లో మాట. మసి ఎందుకు పేరుకుంటోంది, ఇంజెక్టరు కారుతోందా, ఈజీఆర్ ఇరుక్కుందా అని ఎవరూ అడగరు. మూలం అలాగే ఉంటే కొత్త ఫిల్టరూ నిండుతుంది.

అనుభవం ఉన్న పాతకాలం మేస్త్రీలను తక్కువ చేస్తున్నామని అనుకోవద్దు. చెవితోనే ఇంజను జబ్బు పసిగట్టేవాళ్ళు మన హోసూరులో ఉన్నారు. ఆ అనుభవం వెతకాల్సిన చోటును తగ్గిస్తుంది, దాన్ని పరీక్ష రుజువు చేయాలి. పార్టు అటూ ఇటూ మార్చి చూడటమూ తప్పు కాదు, ఖర్చు లేకుండా చేస్తే. మొదటి సిలిండరు మిస్ అవుతుంటే దాని కాయిల్‌ను రెండోదానికి పెట్టండి. మిస్ రెండోదానికి పోతే కాయిల్ చెడ్డది, అక్కడే ఉంటే కాయిల్ మంచిది. రిలే మీద అనుమానం ఉంటే అదే నంబరున్న హారన్ రిలే పీకి పెట్టి చూడండి. మేము వద్దనేది ఓనరు డబ్బుతో ఆడే లాటరీని.

మెకానిక్కుల వైపూ ఒక న్యాయం ఉంది. గంటసేపు మీటరు పట్టుకుని వైరు వైరూ వెతికి, చివరికి ఒక బోల్టు బిగిస్తే, ‘బోల్టు బిగించినందుకు 300 ఏమిటయ్యా?’ అని గొడవపడే ఓనర్లు మన సభ్యుల్లోనే ఉన్నారు. అదే మనిషి అట్టపెట్టెలో కొత్త పార్టు చూపిస్తే ఏడు వేలు లెక్కపెట్టి ఇస్తాడు. వెతికినందుకు కూలీ ఇవ్వనప్పుడు షెడ్డువాడు పార్టు మీద కమీషనుతోనే బతకాలి. చెకింగ్ కూలీ ముందే మాట్లాడుకుని ఇవ్వండి. ఇచ్చాక ‘ఏం కొలిచావు, ఎంత వచ్చింది, ఎంత రావాలి’ అని అడిగే హక్కు మీది. జవాబు లేకపోతే బండి తీసుకుని వచ్చేయండి. పాత పార్టు వెంట తెచ్చుకోండి, బిల్లు రాయించుకోండి.

బిల్లు ఎందుకంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రిపేరు కూడా సేవే. ‘వ్యాపారం బండి కదా, నీకు వర్తించదు’ అని బెదిరిస్తే నమ్మవద్దు. సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసమే వాడుకునేవాళ్ళను ఆ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. 5 లక్షల లోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. బిల్లూ పాత పార్టూ లేకుండా పోతే మాత్రం అక్కడ చెప్పడానికి ఏమీ ఉండదు.

టీవీఎస్, అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీలున్న ఊరు మనది. బండ్లు తయారుచేసే చోట రిటైరైన మనవాళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే, ఊరవతల మనవాళ్ళే ఒక తుప్పు పట్టీకి ఇరవై వేలు పోసుకుంటున్నారు. దీన్ని ఊరుకుని చూడలేం. వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది: సంఘం డబ్బుతో రెండు మంచి మల్టీమీటర్లు, ఒక స్కానరు కొని ఆఫీసులో ఉంచాలి, నెలకొక ఆదివారం పొద్దున ఆ రిటైరైన అన్నలూ ఐటీఐ కుర్రవాళ్ళూ కూర్చోవాలి, షెడ్డు నడిపే మన సభ్యులనూ పిలవాలి. రిపేరు కోసం సహాయనిధికి అర్జీ పెట్టేవాళ్ళు ముందు అక్కడ బండి చూపించాలన్నది రెండో తీర్మానం. దీనికి అభ్యంతరాలు వస్తాయని తెలుసు, సమావేశంలోనే చెప్పండి. ఈలోగా బండి ఆగినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. ఏం ఆగింది, ఎప్పుడు ఆగింది, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ఇంతవరకు ఏమేం మార్చారో కూడా రాయండి.