దేహప్రమాణము – అర్హతానిర్ణయము

గత మాసం సంగంలో, సంగమేశ్వరస్వామి ఆలయం వెలుపల, గీతాపారాయణం ముగిసి అందరూ లేస్తున్న సమయంలో ఆత్మకూరు వైపునుండి వచ్చిన ఒక తండ్రి నన్ను నిలిపి అడిగాడు. "అయ్యా, మావోడికి పదమూడేండ్లు. బాస్కెట్‌బాల్ ఆడతాడు. బంతి చేతిలో ఉంటే ఎవరికీ దొరకడు. ఎంపికకి తీసుకుపోతే గోడకి ఆనించి నిలబెట్టి, టేపు పెట్టి కొలిచి, ఎత్తు చాల్దని పంపించేసినారు. ఒక్కసారి ఆడి చూపించమని గూడా అన్లేదు. నువ్వు దేహం కాదు అని మీరు చెప్తా ఉండారు గదా. మరి మావోణ్ణి ఆపింది దేహమే గదయ్యా?"

నేను వెంటనే అష్టావక్రుని వృత్తాంతం చెప్పాను. జనకసభలో పండితులు ఆయన వంకరలు చూసి నవ్వడం, చర్మాన్ని మాత్రమే చూసేవారి సభకు వచ్చానా అని ఆయన తిరిగి నవ్వడం, సభ సిగ్గుపడడం. ఆ తండ్రి వినయంగా తల ఊపి నమస్కరించి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన తీరు చూచినప్పుడు నాకు తెలిసింది, నేను ప్రశ్నకు సమాధానం చెప్పలేదని, దానిని దాటవేశానని. ఈ వ్యాసం ఆ దోషాన్ని సరిదిద్దుకొనే ప్రయత్నం.

జనకసభలో చర్చనీయాంశం బ్రహ్మవిద్య. అక్కడ అవయవసౌష్ఠవం విచారణకు సాధకమూ కాదు, బాధకమూ కాదు. అందువల్లనే ఆ నవ్వు అజ్ఞానం. బాస్కెట్‌బాల్ క్రీడాంగణం జనకసభ కాదు. అక్కడ లక్ష్యం నేలకు 10 అడుగుల ఎత్తున ఉన్న ఒక ఇనుప వలయం. దేహధర్మం అక్కడ కార్యంలో ప్రత్యక్షంగా ప్రవేశిస్తుంది. వామనమూర్తిని ఉదాహరించేవారు కూడా ఉన్నారు; పొట్టివాడు మూడు లోకాలను కొలిచాడు కదా అంటారు. వారు కథను సగంలో ఆపుతున్నారు. అడుగడిగినవాడు వామనుడు, కొలిచినవాడు త్రివిక్రముడు!

అయితే ఈ 10 అడుగుల నియమం ఎక్కడినుండి వచ్చింది? 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, శీతకాలంలో గదిలోపల ఆడదగిన ఆటను కల్పించి, వ్యాయామశాల బాల్కనీ రెయిలింగుకు పండ్లబుట్టలను కొట్టించాడు. ఆ రెయిలింగు నేలకు 10 అడుగుల ఎత్తున ఉంది. అంతే. ఒక వడ్రంగి వేసిన రెయిలింగు ఎత్తు, ఈనాడు ప్రపంచమంతటా ఏ బాలుడు అర్హుడో ఏ బాలుడు అనర్హుడో నిర్ణయిస్తున్నది. దీర్ఘత్వం దేహానికి గుణమే కావచ్చు గాని, దానిని యోగ్యతగా మార్చినది ఆ రెయిలింగు. వేదాంతులు దీనినే ఉపాధి అంటారు. ఉపాధి మారితే యోగ్యత మారుతుంది. అయినా ఆట ఆడదలచినవాడు వలయాన్ని మిథ్య అని తోసిపుచ్చలేడు. వ్యవహారదశలో దాని సత్తను అంగీకరించే మైదానంలో అడుగుపెట్టాలి.

ఆనాడు మేము పారాయణం చేసినది పదునెనిమిదవ అధ్యాయమే కావడం నాకు తరువాత గుర్తుకు వచ్చి మరింత సిగ్గు కలిగింది. ఏ కర్మ సిద్ధించడానికైనా భగవానుడు అందులో ఐదు కారణాలు చెప్పాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం. అధిష్ఠానమంటే శరీరమని భాష్యకారులు వివరించారు. ఐదింటిలో మొట్టమొదట పేర్కొన్నది శరీరాన్నే. కనుక ఎత్తును గణించే నిర్ణేతను దేహాత్మబుద్ధి కలవాడని నిందించడం శాస్త్రసమ్మతం కాదు. అతని దోషం వేరొకచోట ఉంది. ఐదింటిలో ఒక్కదానిని కొలిచి, మిగిలిన నాలుగింటినీ కొలిచినట్లు భావించడమే అది. మా ఉదయగిరి దుర్గాన్నే చూడండి. గజపతుల చేతిలోని ఆ కొండకోటను 1514లో శ్రీకృష్ణదేవరాయలు వశపరచుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఎత్తు వ్యర్థం కాదు, అంతకాలం ఒక మహాసైన్యాన్ని ఆపింది. కాని కోటను నిలుపుకోవడానికి అదొక్కటే చాలలేదు.

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది. ఎత్తు అయాచితంగా వచ్చినది, నేర్పు కష్టార్జితం, కనుక నేర్పుకే పెద్దపీట వేయడం న్యాయం అంటారు. నేను దీనిని అంగీకరించను. కర్మాశయం పక్వమై జాతిని, ఆయువును, భోగాన్ని ఇస్తుందని పతంజలి చెప్పాడు. దేహనిర్మాణం ఆ పరిపాకంలో భాగమైతే, పదమూడేళ్ల బాలుని చేతిలో బంతి మాట వినడం కూడా సంస్కారఫలమే. సమానంగా అభ్యసించిన ఇద్దరిలో ఒకనికి అది ఎందుకు వశమౌతుంది, ఇంకొకనికి ఎందుకు కాదు? పూర్వసంస్కారాన్ని అంగీకరించే మనం, నేర్పు మాత్రం స్వార్జితమని గర్వించే వీలు లేదు. రెండూ ప్రసాదాలే అయినప్పుడు, ఏది ఎక్కువ పుణ్యమైనదన్న ప్రశ్న తొలగిపోయి, ఏది ఎట్లా తెలియవస్తుందన్న ప్రశ్న మిగులుతుంది. అది ప్రమాణవిచారం.

ఎత్తు ప్రత్యక్షప్రమాణగోచరం. టేపు ఉంటే చాలు, అర నిమిషంలో తేలుతుంది. నేర్పు అనుమేయం. చేష్టలను పలుమార్లు చూచి, ఓడుతున్నప్పుడు ఎట్లా ఆడుతున్నాడో, అలసినప్పుడు ఏమి చేస్తున్నాడో, తోటివానికి బంతి ఎప్పుడు అందిస్తున్నాడో గమనించి ఊహించవలసినది. ఒక ఉదయం, వందలాది పిల్లలు, ఇద్దరు ముగ్గురు నిర్ణేతలు. అటువంటి స్థితిలో మనిషి ప్రత్యక్షాన్ని పట్టుకొంటాడు. అది దుర్మార్గం కాదు, తామసిక సౌలభ్యం. ఎత్తు కోసం వెతికితే ఎత్తే దొరుకుతుంది.

ధనానికి, నిపుణులకు కొరత లేని చోట కూడా ఈ సౌలభ్యం మోసగించింది. అమెరికాలోని ఎన్‌బీఏ సంఘంలో ప్రతి సంవత్సరం జట్లు వంతులవారీగా నూతన క్రీడాకారులను వరించే పద్ధతి ఉంది, డ్రాఫ్ట్ అంటారు. 1984లో హ్యూస్టన్ జట్టు మొదటి వంతులో హకీం ఒలాజువాన్ అనే దీర్ఘకాయుని ఎన్నుకొంది. రెండవ వంతు పోర్ట్‌లాండ్‌ది. వారు 7 అడుగుల 1 అంగుళం ఎత్తున్న శాం బోవీని తీసుకొన్నారు. విద్యార్థిదశలోనే కాలి ఎముక దెబ్బతిని రెండు సంవత్సరాలు ఆటకు దూరమైనవాడతడు. మూడవ వంతులో షికాగోకు మిగిలినవాడు 6 అడుగుల 6 అంగుళాల మైకేల్ జోర్డాన్. పోర్ట్‌లాండ్‌ను వెక్కిరించడం అందరికీ అలవాటు. న్యాయంగా చెప్పాలంటే, జోర్డాన్ ఆడే స్థానంలో వారికి అప్పటికే క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు, వారికి కావలసినది పొడవైనవాడే. నాకు ఆసక్తి కలిగించే విషయం వేరు. ఒలాజువాన్ 1994, 1995లలో హ్యూస్టన్‌కు విజేతృత్వం తెచ్చిపెట్టాడు. బోవీ గాయాలతోనే నలిగిపోయాడు. మొదటి నిర్ణయం, రెండవ నిర్ణయం రెండూ ఎత్తును ఆశ్రయించినవే. ఒకటి ఫలించింది, ఒకటి విఫలమైంది. ఆ ఇద్దరి మధ్య భేదాన్ని చెప్పగల శక్తి టేపుకు లేదు.

ఎత్తు వల్ల తిరస్కృతుడైన బాలుని గురించే మనం జాలిపడతాము. ఎత్తు వల్ల స్వీకృతుడైనవాని స్థితిని కూడా ఆలోచించాలి. పంజాబులోని బల్లో కే గ్రామంలో పుట్టిన సత్నాం సింగ్ 7 అడుగుల 2 అంగుళాల వాడు. లుధియానాలో నేర్చుకొని, 2010లో అమెరికా వెళ్లి, 2015 డ్రాఫ్ట్‌లో 52వ వంతులో డల్లస్ జట్టుకు ఎంపికయ్యాడు. భారతదేశంలో జన్మించినవారిలో ఆ ఎంపిక పొందిన మొదటివాడు. అది చిన్న విషయం కాదు. కాని ఎన్‌బీఏ పోటీలో ఒక్క ఆట కూడా ఆడే అవకాశం అతనికి రాలేదు. అతని శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దేశమంతా అతని పేరుకు ముందు అంగుళాలు చెప్పింది, ఆటను గురించి అడిగినవారు తక్కువ. నీవంటే నీ దేహమే అని బాల్యం నుండి వినే మనిషికి అధ్యాస ఎంత గట్టిపడుతుందో సాధకులకు నేను వివరించనక్కరలేదు.

రెండవ వైపు మగ్సీ బోగ్స్. 5 అడుగుల 3 అంగుళాలు. 1987లో 12వ వంతులో వాషింగ్టన్ జట్టు అతనిని తీసుకొంది. అదే జట్టులో 7 అడుగుల 7 అంగుళాల మనూట్ బోల్ ఉన్నాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఛాయాచిత్రాలు తీసి లోకం నవ్వుకొంది. బోగ్స్ 14 సంవత్సరాలు ఎన్‌బీఏలో కొనసాగాడు. బంతిని నేలకు అతి దగ్గరగా నడిపేవానిని పైనుండి వంగి అడ్డుకోవడం దీర్ఘకాయులకు దుష్కరం. సురస నోటి ముందు హనుమంతుడు ఎదగవలసినంత ఎదిగి, అంగుష్ఠమాత్రుడై లోనికి వెళ్లి వచ్చిన చోటు ఇక్కడ తలపుకు వస్తుంది.

మన ఇంటి ఉదాహరణ పి.వి.సింధు. తండ్రి రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టులోనివాడు, తల్లి కూడా వాలీబాల్ క్రీడాకారిణి. ఎత్తు వారసత్వంగా వచ్చింది. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ తుదిపోరులో ఆమెకన్నా జానెడు పొట్టిదైన జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా 110 నిమిషాల పోరాటంలో ఆమెను ఓడించింది. 2019లో బాసెల్‌లో అదే పోటీ తుదిపోరులో అదే ఒకుహారాను సింధు 21-7, 21-7తో ఓడించింది. ఆ రెండేళ్లలో ఇద్దరి ఎత్తులూ మారలేదు. మారినవి చేష్టలు, కరణాలు, కర్త.

మరి నిర్ణేత ఏమి చేయాలి? ఛాందోగ్యంలో హారిద్రుమత గౌతముడు చేసిన ఎంపిక నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. సత్యకాముడు తన గోత్రం తనకు తెలియదని ఉన్నదున్నట్లు చెప్పాడు. గురువు లేని కొలతను పట్టించుకోకుండా ఆ సత్యవాక్కును గుర్తించాడు. ఎంపిక అక్కడితో ముగియలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని శిష్యుడు వెళ్లాడు. ఎన్నో సంవత్సరాలు. గురువు కాలాన్నే ప్రమాణంగా స్వీకరించాడు. మన ఎంపికలు ఒక ఉదయంలో ముగుస్తాయి.

పదమూడేళ్ల వయస్సులో ఎత్తు కూడా స్థిరమైనది కాదన్న సంగతి మరవరాదు. కొందరికి ఎదుగుదల పదకొండులో మొదలౌతుంది, కొందరికి పదిహేనులో. ఆనాడు టేపు కొలిచేది ఎవరు పొడవైనవారౌతారో కాదు, ఎవరు ముందుగా ఎదగడం ఆరంభించారో. వృత్తిక్రీడలో, ఇరవై దాటినవారిని ధనమిచ్చి చేర్చుకొనే చోట ఎత్తును లెక్కించండి, నాకు అభ్యంతరం లేదు. బాలుర విషయంలో ఆడించకుండా కొలవడం అధర్మమని నా నిశ్చితాభిప్రాయం. ముందు ఆడించాలి, తరువాత కొలవాలి. వాలీబాల్ వారు 1998లో లిబెరో అనే స్థానాన్ని ప్రవేశపెట్టి, వలపైన దాడి చేయనవసరం లేకుండా నేలను కాపాడే పొట్టివారికి చోటు కల్పించారు. ఆట నియమమే మారింది. రెయిలింగు వేదం కాదు.

ఆ తండ్రి తరువాతి పారాయణానికి వచ్చాడు, కుమారుణ్ణి కూడా వెంటబెట్టుకొని. అష్టావక్రుని కథ ఆనాడు సరిపోలేదని నేనే ఒప్పుకొన్నాను. ఎత్తు ఒక కారణమే, అది నీ చేతిలో లేదు, మిగిలిన నాలుగింటిలో మూడు ఉన్నాయి అని బాలునికి చెప్పాను. దైవం సంగతి అడిగాడు. అది నా చేతిలోనూ లేదన్నాను. వాడు నవ్వి, ఆలయం వెనుక గోడకు బంతి కొట్టుకోవచ్చా అని అడిగాడు. పూజారిగారు గోడకు వద్దు, నేలమీద కొట్టుకోమన్నారు.