పుణ్యానుమోదనలో ఆగిపోయిన పేరు

ప్రతి ఏప్రిల్ 14న, ప్రతి అక్టోబర్ 14న మన వేదికల మీద ఒక మాట వినబడుతుంది. మనం నాగుల వారసులం, ఒకనాడు ఈ నేలను ఏలినవాళ్లం అని. చప్పట్లు మోగుతాయి. చప్పట్లు కొట్టినవారిలో ఎందరు తమ తాత తండ్రి పేరు చెప్పగలరు? ఆయన ఎవరి ఇంట పాలేరుగా ఉన్నాడో, కళ్లంలో ఎంత మేర కొలిపించుకున్నాడో ఎందరికి తెలుసు? రెండు వేల ఏళ్ల వెనక్కి ఒక్క దూకులో వెళ్తున్నాం. నూరేళ్ల వెనక నిలబడ్డ మనిషిని దాటేసి పోతున్నాం.

నేనూ అలా మాట్లాడినవాణ్ణే. మా నాన్న పుణ్యానుమోదన నాడు భంతే మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. మొదటిది చెప్పాను, రెండోది చెప్పాను, మూడోది నోటికి రాలేదు. ఆ సిగ్గుతోనే వెతకడం మొదలుపెట్టాను.

మాది ఒంగోలు ప్రాంతపు మాదిగ పల్లె. ఆ ప్రాంతం 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు జిల్లా, 1970 నుంచి కొత్త జిల్లా, నేటి పేరు ప్రకాశం. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, కాగితాలు మాత్రం మూడు చోట్లకు చెదిరాయి. ఒక ఆఫీసులో గుమస్తా నవ్వి, “మీవాళ్లకి భూమే లేదుగా, ఇంక కాగితం ఎక్కడుంటది?” అన్నాడు. ఆ నవ్వులో సగం నిజం ఉంది. అడంగల్‌లో సర్వే నంబరుకు గడి ఉంది, పట్టాదారుకు ఉంది, పంటకు ఉంది. మోట తోలు కుట్టినవాడికి, పరాయి నాగలి పట్టినవాడికి గడి లేదు.

మిగతా సగం అబద్ధం. మా పెద్దనాన్న పెట్టెలో చెల్లిపోయిన ప్రోనోటు ఒకటి దొరికింది. అందులో ముత్తాత ఉన్నాడు. ముందు కులం, తర్వాత పేరు, పేరు చివర ‘గాడు’. అప్పిచ్చినవాడి పేరు చివర ‘గారు’. కింద ముత్తాత నిశానీ, వేలిముద్ర. ఆ కాగితంలో ప్రతి అక్షరం ఇంకొకరు రాసిందే. వేలిముద్ర ఒక్కటే ఆయనది.

ఆయన తల్లిదండ్రులు ఒక చర్చి పుస్తకంలో కనబడ్డారు. 1876–78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. “మనోళ్లు కాలవ తవ్వారు” అని మా నాయనమ్మ అంటుండేది. ఏ కాలవో మేమెవరం అడగలేదు. ఆ ఏటి పుస్తకంలో ముత్తాత తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. పక్కనే ఆయన భార్య పేరూ ఉంది. నేను చూసిన పాత కాగితాలన్నింటిలో మా ఇంటి ఆడమనిషికి పేరున్నది అదొక్కటే.

సంతోషంగా ఇంటికొచ్చి చెబితే బాబాయి ముఖం మాడిపోయింది. “ఒరే అబ్బాయ్, ఆ కాగితం బయటపెట్టకు. పిల్లల సర్టిఫికెట్ పోద్ది” అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు. అందుకే చర్చి పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. కాలువ తవ్విన ముత్తవ్వను మనవళ్లే దాచిపెట్టుకోవలసిన గతి పట్టించింది ఏ చట్టం? సిగ్గుపడాల్సింది ఎవరు?

ఇంకో వింత చూడండి. 1860 నుంచి 1911 దాకా నాటాల్ చెరకు తోటలకు లక్షా యాభై వేలకు పైగా ఒప్పంద కూలీలు వెళ్లారు. వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. ఇది గౌరవమని భ్రమపడకండి. డబ్బు పెట్టి తెచ్చుకున్న కూలి తప్పించుకుంటే పట్టుకోవడానికి అంత శ్రద్ధ. పన్ను కోసమో, అప్పు కోసమో, కాపలా కోసమో తప్ప మనల్ని ఎవరూ రాయలేదు.

కానీ మనవాళ్లు తమను తాము రాసుకున్న కాలం ఒకటుంది. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి దానమిచ్చినవాడు విధికుడు. అతడు చమ్మకారుడు, తోలుపని చేసేవాడు. తన పేరు, తన వృత్తి, తండ్రి పేరు చెక్కించుకున్నాడు. తల్లిని, భార్యను, అన్నదమ్ములను, పిల్లలను దానంలో కలుపుకున్నాడు. వృత్తిని దాచలేదు, రాజవంశాన్ని అరువు తెచ్చుకోలేదు. అమరావతి గురించి గొప్పలు చెప్పే మనం ఆ పలక నుంచి నేర్చుకోవలసింది ఇది.

“వంశం వెతకడం బ్రాహ్మణ పద్ధతి, పుట్టుకతో మనకేం పని?” అని కొందరు ఉపాసకులు అంటారు. వసల సుత్తం చదివినవారు ఈ మాట అనకూడదు. మనిషి హెచ్చుతగ్గులు పుట్టుకలో లేవు, చేసిన పనిలో ఉన్నాయన్నాడు బుద్ధుడు. గోత్రం పుట్టుకను చెబుతుంది. మనం వెతికేది పనిని: ఎవరు తవ్వారు, ఎవరు కుట్టారు, ఎవరు నాటారు, ఎంత కూలి ఎగ్గొట్టారు. బాబాసాహెబ్ మహర్ల వతన్ చాకిరీని దాచిపెట్టలేదు. 1928లో బొంబాయి శాసనమండలి ముందు బిల్లుగా పెట్టారు. దాచుకుంటే అది సిగ్గు, బయటపెడితే సాక్ష్యం.

కాబట్టి ప్రతి విహారంలో ఒక పుస్తకం తెరవండి. పెద్దవాళ్లు బతికుండగానే అడగండి: పేరు, పని, ఎవరి పొలం, ఏం కూలి, ఏ కరువుకు ఏ ఊరు వలస. అవ్వ పేరు తప్పకుండా రాయండి. ‘గాడు’ తీసేసి రాయండి. పాత బడి రిజిస్టర్లో పుట్టినరోజు జూలై 1 అని ఉంటే అది చాలాసార్లు పంతులు వేసిన తేదీ, దాన్నే నమ్ముకుని కూర్చోకండి. చర్చి పుస్తకమైనా, అప్పు కాగితమైనా, మన మనిషి ఉన్న ప్రతి కాగితమూ మనదే.

మొన్న వైశాఖ పూర్ణిమకు భంతే మళ్లీ పేర్లు అడిగారు. మూడో పేరు దగ్గర ఆగలేదు. నాలుగోది కూడా చదివాను, భార్యాభర్తలిద్దరివీ. బాబాయి వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. లేచి చేతులు జోడించాడు.