పిడికెడు బియ్యం



పోయిన గురువారం స్త్రీల కూడిక అయిపోయి చెప్పులు వేసుకుంటూ ఉంటే, మా వీధి చివరింటి కోడలు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఇద్దరు పిల్లల తల్లి. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి.

"అక్కా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ప్రార్థనకి మోకరిస్తే నాకు దేవుడు గుర్తుకు రావడం లేదు. పాలు పొంగుతాయేమో, గ్యాసు కట్టేశానో లేదో, పెద్దాడి ఫీజు ఎక్కణ్ణించి తేవాలి... ఇవే వస్తున్నాయి. రాత్రి లైటు తీశాక భయం మొదలవుతుంది. దేనికో కూడా తెలీదు. నాకసలు విశ్వాసం ఉందంటావా?" అంది. కళ్లనిండా నీళ్లు.

"ఉంది లేమ్మా, ఎందుకుండదు" అని భుజం తట్టి పంపించేశాను. ఇంటికొచ్చి పప్పు కడుగుతుంటే నా మీద నాకే సిగ్గేసింది. అదొక జవాబా? అందుకని ఈ వారం వంటల జోలికి పోకుండా, ఆ అమ్మాయికి చెప్పవలసినదేదో మీ అందరి ముందూ చెబుతాను. మీలో చర్చికి వెళ్లేవాళ్లు కొందరే ఉండొచ్చు. కానీ దీపం పెట్టుకునేవాళ్లకీ, నమాజు చేసుకునేవాళ్లకీ కూడా ఈ బాధ తెలియనిదేమీ కాదు గదా!

ముందు మా అత్తగారి సంగతి చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఒక మట్టి పిడత ఉండేది. పూటపూటకీ ఎసట్లో పొయ్యడానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ పిడతలో వేసేవారు ఆవిడ. ఆదివారం పొద్దున్న దాన్ని గుడ్డసంచిలోకి ఒంపి చర్చికి పట్టుకెళ్లేవారు. ఇంట్లో కొలత తగ్గిన రోజున కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు. "మన కంచంలోంచి తీసింది కాదే, కొలతలోంచి తీసింది. తినేటప్పుడు తెలియదు" అనేవారు. నాకేమో ఇదంతా పాతకాలపు చాదస్తంలా ఉండేది. ఆవిడ పోయాక పిడత పగిలింది గానీ అలవాటు మాత్రం నా చేతికి అంటుకుంది. పిడత బదులు స్టీలు డబ్బా పెట్టాను, అంతే.

ఈ అలవాటు మనవాళ్లకే ఉందనుకునేరు. మిజోరాంలో 1910 నుంచీ చర్చి ఆడవాళ్లు ఇలాగే వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన పెడుతున్నారు. దాన్ని అక్కడ బుహ్‌ఫై థామ్ అంటారు. చేతిలో రూపాయి ఆడని ఆడవాళ్లు వంటింట్లోంచి తీసిన ఆ బియ్యం అమ్మి, అక్కడి సంఘాలు ఎందరో సేవకులను పోషించాయి. వంద దాటి ఏళ్లు గడిచినా ఇప్పటికీ సాగుతూనే ఉంది.

ఇక నా సంగతి. 2011లో మా వారికి గుండె ఆపరేషను జరిగింది. ఆ ఐదు గంటలూ థియేటరు బయట బల్ల మీద కూర్చుని నేను చేసిన ప్రార్థన దేవుడికే తెలియాలి. ఆయన బాగుపడి ఇంటికొచ్చారు. కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. ఊరందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. నా విశ్వాసం అంత గట్టిదని నాకే అప్పుడు తెలిసినట్టు, కాస్త గర్వంగానే చెప్పాను.

రెండేళ్లు తిరక్కుండా మా చెల్లెలికి రొమ్ములో గడ్డ. నాకంటే ఆరేళ్లు చిన్నది. గడ్డ చేతికి తగిలిన ఏడు నెలల దాకా ఎవ్వరికీ చెప్పలేదు. ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకుంటే పోతుందనుకుంది. ఒకరిద్దరు అలాగే చెప్పారు కూడా. నాకు తెలిసేసరికి చంక కిందికి పాకింది. అదే బల్లల మీద కూర్చున్నాను, అదే ప్రార్థన చేశాను, అదే కన్నీళ్లు. 2013 ఆగస్టులో పోయింది.

ఆదరణ కూడికలో ఒకావిడ నా పక్కన కూర్చుని, మంచి మనసుతోనే లెండి, "ఇంకొంచెం విశ్వాసం పట్టి ఉంటే బాగుండేదమ్మా" అంది. అక్కలారా, ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. చావు ఇంట్లో ఆ మాట ఎవ్వరితోనూ అనకండి. అనబోతే నాలుక కరుచుకోండి.

ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు నేను ప్రార్థన చెయ్యలేదు. చర్చికి వెళ్లాను, పాటలు పాడాను, కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకున్నాను. లోపల మాత్రం మాట లేదు. మా వారు బతికితే సాక్ష్యం చెప్పినదాన్ని, చెల్లెలు పోతే ఏం చెప్పాలి? మొదటిసారి విన్నవాడు రెండోసారి వినలేదా? ఎవరితో అనగలను? ఇంట్లో చిన్న శబ్దమైనా ఉలిక్కిపడేదాన్ని. పిల్ల కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చేతులు చల్లబడేవి. ఇప్పుడా వీధి చివరింటి అమ్మాయి చెప్పిన భయం అదే.

ఒక రోజు సాయంత్రం కరెంటు పోయింది. చీకట్లో తడుముకుంటూ బియ్యం కొలుస్తున్నాను. చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్లి, పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసింది. బియ్యం స్టీలు మీద పడిన చప్పుడైంది. అప్పుడు తట్టింది, ఏడాదిగా ఇది ఒక్క పూట కూడా మానలేదు నేను. నోరు మానేసింది, మనసు మానేసింది, చెయ్యి మానలేదు. అక్కడే గచ్చు మీద కూలబడి, చెల్లెలు పోయాక మొదటిసారి, గట్టిగా ఏడ్చాను. అది ప్రార్థన అవునో కాదో నాకు తెలియదు. పోట్లాట అంటే సరిపోతుందేమో.

పోట్లాడితే తప్పేమో అని భయపడకండి. బైబిల్లో 88వ కీర్తన తీసి చదవండి. మొదటినుంచీ చివరిదాకా గోడే. మిగతా కీర్తనల్లో లాగా ఆఖర్న అయినా వెలుగు రాదు, చీకటితోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ తీసి పారెయ్యలేదు గదా, పరిశుద్ధ గ్రంథంలోనే ఉంచారు. పిల్లవాడి జబ్బు నయం చెయ్యమని వచ్చిన తండ్రి, నమ్ముతున్నానంటూనే తన నమ్మకం చాలడం లేదని ఏడ్చాడు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ముందు నమ్మకం పెంచుకుని రమ్మని ప్రభువు అతణ్ణి వెనక్కి పంపలేదు.

మన మార్త విషయం కూడా చెప్పాలి. పాపం, ఎన్ని ప్రసంగాల్లో చీవాట్లు తిన్నదో! చెల్లెలు మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంటే, ఈవిడ వంటపనితో సతమతమైపోయిందని. సరే, ప్రభువు ఆమెను మందలించిన మాట నిజమే. కానీ యోహాను సువార్త 11వ అధ్యాయం కూడా చదవాలి గదా! తమ్ముడు లాజరు చచ్చిపోయి నాలుగు రోజులైతే, ఊరి బయటికి ఎదురెళ్లింది మార్తే. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చచ్చేవాడు కాదని మొహం మీదే అన్నదీ మార్తే. ఆ నోటితోనే ఆయన క్రీస్తు అని ఒప్పుకున్నదీ మార్తే. వంటింటి మనిషి ఒక్కసారిగా అంత మాట ఎక్కణ్ణించి తెచ్చిందో నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. పొయ్యి దగ్గర ఉన్నంతసేపూ ఆమె చెవి హాల్లోనే ఉండి ఉంటుందని నా ఊహ.

వంటింటి వాళ్లలో ఇంకొకాయన ఉన్నాడు. ఫ్రాన్సు దేశంలో 1600ల నాటివాడు, బ్రదర్ లారెన్స్. సిపాయిగా పనిచేసి, గాయపడి, చివరికి పారిస్‌లో ఒక మఠంలో చేరాడు. అక్కడ వంటింట్లో వేశారు. ఆయనకేమో వంటంటే అసలు పడదు! అలాగే చాలా ఏళ్లు వండి పెట్టాడు. గిన్నెల చప్పుళ్ల మధ్య, నలుగురూ నాలుగు కావాలని కేకలేస్తుంటే, దేవుడితో మాట్లాడుకుంటూ ఉండేవాడట. 1691లో ఆయన పోయాక, ఆయన మాటలూ ఉత్తరాలూ కలిపి చిన్న పుస్తకం వేశారు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, మొదటి పదేళ్లూ చాలా బాధపడ్డానని ఆయనే ఒప్పుకోవడం. మనసు పారిపోతే దాన్ని తిట్టుకోవద్దు, మెల్లిగా వెనక్కి తెచ్చుకోమంటాడు. మనం పిల్లాణ్ణి వీధిలోంచి తెచ్చుకుంటామే, అలాగన్నమాట. రోజుకి ఇరవైసార్లు పోతాడు, ఇరవైసార్లూ తెచ్చుకుంటాం.

ఇంగ్లండులో సుసన్నా వెస్లీ అని ఒక పాదిరిగారి భార్య ఉండేది. మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ ఆమె కొడుకే. పందొమ్మిదిమంది పిల్లల్ని కన్న తల్లి. తొమ్మిదిమంది పసితనంలోనే పోయారు. భర్త 1705లో అప్పుల పాలై జైలుకి వెళ్లాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. ఐదేళ్ల జాన్‌ని కిటికీలోంచి ఆఖరి నిమిషంలో లాగారు. అంతమంది పిల్లల ఇంట్లో ఏకాంతం ఎక్కడిది? అందుకని ఏప్రన్ ఎత్తి తలమీద కప్పుకుని కూర్చునేదని చెబుతారు. అలా కూర్చుంటే అమ్మ ప్రార్థనలో ఉంది, పలకరించకూడదని పిల్లలకు తెలుసట. మనకైతే కొంగుంది, చున్నీ ఉంది. రెండు నిమిషాలు కప్పుకుంటే మన పిల్లలు మాత్రం నేర్చుకోరా? మొదట్లో నవ్వుతారనుకోండి.

వాళ్లకు లేని బాధ ఒకటి మనకుంది, సెల్‌ఫోను. పొద్దున్నే వాక్యం ఫోన్లో చూసుకుందామని తీస్తాం. ఎవరో పెట్టిన పెళ్లి ఫోటోలు కనపడతాయి, తర్వాత ఒక రోగం గురించిన వీడియో. భయం కడుపులో పెట్టుకుని లేస్తాం. కూర తరుగుతూ ప్రసంగం పెట్టుకుంటాం, అది మాట్లాడుతూనే ఉంటుంది, మనం వినం. వచ్చిన వాక్యం పదిమందికి పంపిస్తే మన ప్రార్థన అయిపోయిందనుకుంటాం. నేనూ చేశాను, చెబుతున్నాను. ఇప్పుడు పొద్దున్న మాత్రం అట్టలు ఊడిన పాత బైబిలే తీస్తున్నాను. అందులో మా చెల్లెలు పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి.

ఎండిపోయిన మనసు ఒక్క మనలాంటివాళ్లదే అనుకోకండి. మదర్ థెరెసా 1997లో పోయిన పదేళ్లకు, 2007లో ఆవిడ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. కాల్చెయ్యమని ఆవిడ అడిగిన ఉత్తరాలవి. అవి చదివి లోకమంతా ఉలిక్కిపడింది. కొన్ని దశాబ్దాల పాటు దేవుడు తనకు కనిపించడం లేదని, లోపలంతా శూన్యంగా ఉందని తన గురువులకు రాసుకుంది. ఆ కాలమంతా కలకత్తాలో పుండ్లు కడుగుతూనే ఉంది, తెల్లారుజామున లేచి ప్రార్థనకి కూర్చుంటూనే ఉంది. అవన్నీ తెలిసిన తర్వాతే, 2016లో పునీతురాలని ప్రకటించారు. ఆవిడ గొప్ప మనిషి, మనం ఆవిడంత కాదు. అయినా ఆ పుస్తకం సంగతి తెలిసిన రోజు నా గుండెలోంచి ఒక బరువు దిగింది.

కాబట్టి తల్లీ, నువ్వడిగినదానికి నా జవాబు ఇది. విశ్వాసం ఉందా లేదా అని రాత్రిపూట లోపల వెతుక్కోకు, చీకట్లో ఏదీ దొరకదు. పగలు నీ చెయ్యి ఏం చేస్తోందో చూసుకో. పాలు పొంగుతాయని భయమైతే ఆ పాల గురించే చెప్పు ఆయనతో. ఫీజు సంగతి కూడా చెప్పు, అంకెతో సహా. తర్వాత మీ ఆయనతోనూ చెప్పు, ఒక్కదానివే మొయ్యకు.

ఇంకొక్క మాట, ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నాను. రాత్రి భయం వారాల తరబడి పోకపోతే, గుండె దడ, నిద్ర లేకపోవడం, మనిషి చిక్కిపోవడం ఉంటే డాక్టరుకి చూపించుకో. థైరాయిడ్ ఎక్కువైనా అలా చేస్తుంది. మనసుకొచ్చే జబ్బుకీ మందులున్నాయి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు. ఇక రొమ్ములో గడ్డ తగిలితే, ఎవ్వరైనా సరే, ఆ వారంలోనే వెళ్లండి. ప్రార్థన ఆస్పత్రి వరండాలో చేసుకోవచ్చు. మా చెల్లెలు ఏడు నెలలు ఆగింది.

నిన్న పొద్దున్న ఆ అమ్మాయి ఇంటికి వెళ్లొచ్చాను. ఇదంతా చెప్పలేదు, పత్రికలో చదువుతుంది గదా. ఒక పాత హార్లిక్సు సీసా కడిగి ఎండబెట్టి ఇచ్చి, పిడికెడు సంగతి చెప్పాను. "మాది రేషను బియ్యం అక్కా, చర్చికి ఇవ్వడానికి బాగుండదేమో" అంది. ఏం ఫరవాలేదన్నాను. మా చర్చి సంచిలో సోనామసూరి, రేషను బియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసే ఉంటాయి. అన్నం వండితే కొంత పలుకు, కొంత ముద్ద అవుతుంది. అందుకే మేం అరగంట నానబెట్టి పెసరపప్పు వేసి కిచిడీ చేస్తాం, లేదా కడిగి ఆరబోసి పిండి పట్టించి క్రిస్మస్ జంతికలకు వాడతాం. తేడా ఎవరికీ తెలియదు.

సీసా మూత కాస్త వదులు. పురుగు పట్టకుండా అడుగున నాలుగు ఎండు వేపాకులు వెయ్యమన్నాను.