జారిన క్యాచ్‌కు లెక్క ఎవరు చెప్పాలి?
రాయ్‌పుర్ ఓటమి, హైదరాబాద్ శిక్షకుడు దిలీప్ ప్రస్థానం: భారత ఫీల్డింగ్‌పై విశ్లేషణ

రాయ్‌పుర్: విశాఖపట్నంలో డిసెంబరు 6న దక్షిణాఫ్రికాపై 9 వికెట్ల తేడాతో గెలిచి భారత్ వన్డే సిరీస్‌ను 2-1తో కైవసం చేసుకుంది. యశస్వి జైస్వాల్ 116 పరుగులతో అజేయంగా నిలిచాడు. సిరీస్ దక్కింది కనుక అంతకు మూడు రోజుల ముందు ఛత్తీస్‌గఢ్ రాజధానిలో ఎదురైన ఓటమి చర్చ నుంచి తప్పుకొంది. అయితే ఆ రాత్రి తలెత్తిన ప్రశ్నకు విశాఖ విజయం సమాధానం కాదు.

డిసెంబరు 3న రాయ్‌పుర్‌లో భారత్ 5 వికెట్లకు 358 పరుగులు చేసింది. విరాట్ కోహ్లి 102, రుతురాజ్ గైక్వాడ్ 105 పరుగులు సాధించారు. దక్షిణాఫ్రికా 49.2 ఓవర్లలో 6 వికెట్లు కోల్పోయి లక్ష్యాన్ని చేరింది. ఛేదనకు వెన్నెముకగా నిలిచిన ఐడెన్ మార్‌క్రమ్ 53 పరుగుల వద్ద ఉన్నప్పుడు కుల్‌దీప్ యాదవ్ బంతికి లాంగాన్‌లో ఇచ్చిన క్యాచ్‌ను జైస్వాల్ అందుకోలేకపోయాడు. మార్‌క్రమ్ 110 పరుగులు చేసి వెనుదిరిగాడు. నాలుగు బంతులు మాత్రమే మిగిలి ఉండగా ముగిసిన మ్యాచ్‌లో ఆ 57 పరుగుల విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

విచిత్రమేమంటే అంతకు వారం రోజుల ముందే గువాహటి టెస్టులో ఇదే మార్‌క్రమ్ 9 క్యాచ్‌లు పట్టాడు. ఒక టెస్టులో వికెట్ కీపర్ కాని ఫీల్డర్ పట్టిన అత్యధిక క్యాచ్‌లు అవే. 2015లో గాలెలో అజింక్య రహానె నెలకొల్పిన 8 క్యాచ్‌ల రికార్డును అతను అధిగమించాడు. ఆ టెస్టులో భారత్ 408 పరుగుల తేడాతో చిత్తయింది.

ఒకే మైదానం, మూడు ముఖాలు

నవా రాయ్‌పుర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియం అంతర్జాతీయ క్రికెట్‌కు కొత్త వేదిక. 1857 తిరుగుబాటు కాలంలో రాయ్‌పుర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు పేరు దానికి పెట్టారు. 2023 జనవరి 21న ఇక్కడ తొలి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది. భారత ఫీల్డింగ్ ఎంత ఎత్తుకు ఎదిగిందో చూపిన మ్యాచ్ అది.

ఆ రోజు న్యూజిలాండ్ 15 పరుగులకే 5 వికెట్లు కోల్పోయింది. డరిల్ మిచెల్ కొట్టిన బంతిని బౌలర్ మహమ్మద్ షమి తన పరుగు ఆగకముందే ఒడిసిపట్టాడు. డెవాన్ కాన్వే నేరుగా కొట్టిన బంతిని హార్దిక్ పాండ్య కిందికి వంగి ఎడమచేత్తో నేలకు అంగుళాల ఎత్తులో అందుకున్నాడు. టామ్ లేథమ్‌ను స్లిప్‌లో శుభ్‌మన్ గిల్ పట్టేశాడు. 34.3 ఓవర్లలో 108 పరుగులకు కివీస్ ఆలౌటైంది. షమికి 18 పరుగులకు 3 వికెట్లు దక్కాయి. భారత్ 8 వికెట్లతో గెలిచింది.

అదే ఏడాది డిసెంబరు 1న ఆస్ట్రేలియాతో టీ20 మ్యాచ్‌లో రాత్రి వేళ భారత్ 174 పరుగుల స్కోరును కాపాడుకుంది. అక్షర్ పటేల్ 16 పరుగులకు 3 వికెట్లు తీయగా ఆస్ట్రేలియా 154 వద్ద ఆగింది. రెండేళ్ల తర్వాత అదే మైదానంలో, అదే డిసెంబరులో 358 పరుగులు కూడా చాలలేదు. వీటిలో న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా మ్యాచ్‌లలో భారత జట్టు ఫీల్డింగ్ శిక్షకుడు ఒక్కరే. ఆయన హైదరాబాద్‌కు చెందిన టి.దిలీప్.

లెక్కల పాఠాల నుంచి మైదానానికి

దిలీప్ ప్రస్థానం భారత క్రికెట్‌లో అరుదైనది. జాతీయ జట్టు సహాయక బృందంలో స్థానం సాధారణంగా మాజీ అంతర్జాతీయ ఆటగాళ్లకో, కనీసం రంజీ స్థాయి అనుభవం ఉన్నవారికో దక్కుతుంది. దిలీప్ ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడలేదు. శిక్షకుడిగా నిలదొక్కుకునే రోజుల్లో పిల్లలకు గణితం ట్యూషన్లు చెప్పి సంపాదించుకున్నారు. ఆ తర్వాత బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీలో ఏళ్ల తరబడి పనిచేశారు. భారత్-ఎ జట్టుతో తిరిగారు. 2021 జులైలో రాహుల్ ద్రవిడ్ శిక్షణలో శ్రీలంక వెళ్లిన జట్టుకు ఫీల్డింగ్ బాధ్యతలు చూశారు. అదే ఏడాది నవంబరులో ఆర్.శ్రీధర్ స్థానంలో జాతీయ జట్టు ఫీల్డింగ్ శిక్షకుడయ్యారు. శ్రీధర్ కూడా హైదరాబాద్ రంజీ ఆటగాడే. 2014 నుంచి 2021 వరకు ఆ బాధ్యత ఆయనదే. అంటే దశాబ్దానికి పైగా భారత ఫీల్డింగ్ బరువును ప్రధానంగా మోస్తున్నది ఒకే నగరం.

ఇలా జట్టులో ఒక విభాగానికి మాత్రమే బాధ్యత వహించే శిక్షకుల పద్ధతి అమెరికా క్రీడల్లో ఎప్పటి నుంచో ఉంది. అక్కడి కళాశాల ఫుట్‌బాల్‌లో రక్షణ శ్రేణిలోని రెండో వరుసకు కూడా ప్రత్యేక శిక్షకుడుంటాడు. క్రికెట్‌కు ఈ ఆలోచన బేస్‌బాల్ దారిలోనూ వచ్చింది. ఆస్ట్రేలియా జట్టుకు ఫీల్డింగ్ నేర్పిన మైక్ యంగ్ అమెరికా బేస్‌బాల్ శిక్షకుడే. భారత్‌లో 2007లో రాబిన్ సింగ్ నియామకం తర్వాత ఈ పదవికి గుర్తింపు పెరిగింది. అంతకుముందు మనకు గొప్ప ఫీల్డర్లు లేరని కాదు. 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టిన ఏక్‌నాథ్ సోల్కర్, వన్డేల్లో 156 క్యాచ్‌లు పట్టిన మహమ్మద్ అజహరుద్దీన్ స్వయంకృషితో, సహజ ప్రతిభతో ఎదిగారు. పదకొండు మందినీ ఆ స్థాయికి చేర్చే ఏర్పాటు మాత్రం అప్పుడు లేదు.

పతకం వెనుక ఆలోచన

2023 వన్డే ప్రపంచకప్‌లో దిలీప్ పేరు ఇంటింటికీ తెలిసింది. ప్రతి మ్యాచ్ తర్వాత డ్రెసింగ్ రూమ్‌లో ఉత్తమ ఫీల్డర్‌కు ఆయన పతకం ఇప్పించారు. చెన్నైలో ఆస్ట్రేలియాపై ఆడిన తొలి మ్యాచ్‌కు కోహ్లి దాన్ని అందుకున్నాడు. విజేత పేరును ఒకరోజు స్పైడర్ కెమెరా మోసుకొచ్చింది, ఇంకొకరోజు తెరపై సచిన్ తెందుల్కర్ ప్రకటించారు. అభిమానులకు అదొక వినోదం. జట్టుకు మాత్రం అదొక సందేశం. శతకానికి చప్పట్లున్నాయి, అయిదు వికెట్లకు బంతి బహుమతిగా దక్కుతుంది, కానీ హద్దు దగ్గర దూకి ఆపిన మూడు పరుగులకు ఏ గుర్తింపూ లేదు. ఆ లోటును పూరించడమే పతకం ఉద్దేశం.

ఫలితం కనిపించింది కూడా. భారత్ వరసగా పది మ్యాచ్‌లు గెలిచి ఫైనల్ చేరింది. అహ్మదాబాద్ ఫైనల్‌లో దెబ్బతీసింది మళ్లీ ఫీల్డింగే, కాకపోతే ప్రత్యర్థిది. 47 పరుగులతో దూకుడు మీదున్న రోహిత్ శర్మ కొట్టిన బంతిని ట్రావిస్ హెడ్ వెనక్కి పరుగెత్తి అందుకోవడంతో ఆట దిశ మారింది. ఆ బాకీ 2024 జూన్ 29న బార్బడోస్‌లో తీరింది. టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాల్సి ఉండగా డేవిడ్ మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ యాదవ్ హద్దు వద్ద పట్టి, గాల్లోకి విసిరి, తాడు దాటి మళ్లీ లోపలికొచ్చి అందుకున్నాడు. భారత్ 7 పరుగులతో గెలిచింది. అలాంటి క్యాచ్‌లో కనిపించేది క్షణకాలపు తెగువే. దాని వెనుక, హద్దు తాడు ఎంత దూరంలో ఉందో చూడకుండానే కాలికి తెలిసేంత వరకు చేసిన సాధన ఉంటుంది.

2025లో తడబాటు

ఈ ఏడాది ఆ చేతులే వణికాయి. జూన్‌లో లీడ్స్ టెస్టులో భారత్ అయిదు శతకాలు కొట్టి 471, 364 పరుగులు చేసినా ఓడింది. ఆ మ్యాచ్‌లో జైస్వాల్ ఒక్కడే నాలుగు క్యాచ్‌లు వదిలేశాడు. రెండో ఇన్నింగ్స్‌లో 97 వద్ద బతికిపోయిన బెన్ డకెట్ 149 చేశాడు. ఓవల్ టెస్టులో హైదరాబాదీ పేసర్ మహమ్మద్ సిరాజ్ హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి హద్దు తాడును తొక్కాడు. అప్పుడు బ్రూక్ స్కోరు 19, చివరికి 111. మర్నాడు అదే సిరాజ్ బంతితో చెలరేగి 6 పరుగుల విజయం అందించాడు కాబట్టి ఆ పొరపాటును అందరూ మరిచిపోయారు. ఆసియాకప్‌లో బంగ్లాదేశ్ ఓపెనర్ సైఫ్ హసన్‌కు ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగుసార్లు ప్రాణం పోశారు. అయినా భారత్ గెలిచింది, టైటిలూ సాధించింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. బ్యాటర్లో, బౌలర్లో ఆదుకున్నప్పుడు జారిన క్యాచ్ హాస్యమవుతుంది. వారు ఆదుకోలేనప్పుడు అదే క్యాచ్ ఓటమికి కారణమవుతుంది. తప్పు మాత్రం రెండు రోజులూ ఒకటే. గెలుపు కప్పిపుచ్చిన లోపమే రాయ్‌పుర్‌లో బయటపడింది.

మంచుకెంత, మనిషికెంత

శిక్షకుడి పక్షాన చెప్పాల్సిందీ ఉంది. రాయ్‌పుర్‌లో భారత్ వన్డేల్లో వరసగా 20వ సారి టాస్ ఓడింది. డిసెంబరులో పొద్దుగూకాక నేల చల్లబడి గాలిలోని తేమ పచ్చికపై మంచుగా చేరుతుంది. తడిసిన బంతి స్పిన్నర్ వేళ్లకు పట్టు చిక్కదు. పచ్చికపై జారి వేగంగా వస్తుంది. క్యాచ్ పట్టే అరచేతిలో సబ్బులా కదులుతుంది. 2023 జనవరిలో న్యూజిలాండ్‌ను కూల్చినప్పుడు భారత్ పగటి వేళ, పొడి బంతితో ఫీల్డింగ్ చేసింది. రెండు మ్యాచ్‌లను ఒకే త్రాసులో తూచడం సరికాదు. మార్‌క్రమ్ ఔటై ఉంటే తర్వాత వచ్చినవారు ఆ పరుగులు చేసేవారు కాదని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు.

జట్టు కూర్పు కూడా మారింది. కోహ్లి, రోహిత్, అశ్విన్ టెస్టులకు వీడ్కోలు పలికారు. స్లిప్ అనేది ఏళ్ల తరబడి పక్కపక్కనే నిలబడి కుదుర్చుకునే స్థానం. కీపర్ ఎంతవరకు దూకుతాడు, ఏ బంతి ఎవరిదన్నది మాటల్లేకుండా తెలియాలి. కొత్త వరుసకు ఆ సమయం దొరకలేదు. ఒక ఫార్మాట్ ముగిసిన మూడు, నాలుగు రోజులకే మరొకటి మొదలయ్యే కార్యక్రమంలో ఫీల్డింగ్ సాధనకు మిగిలేది నెట్స్‌కు ముందు కొద్దిసేపే.

అయితే మంచు రాయ్‌పుర్‌కు కొత్త కాదు, ఊహించనిదీ కాదు. ప్రత్యర్థికి మినహాయింపు ఇచ్చేదీ కాదు. తడి బంతులతో క్యాచ్‌లు పట్టించడం ఇప్పుడు సాధారణ సాధన. దాన్ని సాకుగా కాకుండా పాఠ్యాంశంగా చూసే జట్టే శీతాకాలపు రాత్రుల్లో నెగ్గుతుంది.

కొలమానం లేని కొలువు

గత ఏప్రిల్‌లో దిలీప్‌ను సహాయక బృందం నుంచి తప్పించినట్లు వార్తలొచ్చాయి. ఇంగ్లండ్ పర్యటనకు ముందు మళ్లీ ఆయన్నే పిలిచారు. తప్పించినప్పుడు ఏ లెక్క చూశారో, తిరిగి తీసుకున్నప్పుడు ఏ లెక్క చూశారో బయటికి రాలేదు. అసలు చూపడానికి లెక్కంటూ ఉందా అన్నదే ప్రశ్న.

బ్యాటర్‌కు సగటు ఉంది, బౌలర్‌కు ఎకానమీ ఉంది. స్కోరుకార్డులో క్యాచ్, రనౌట్, స్టంపింగ్ నమోదవుతాయి. వదిలేసిన క్యాచ్, ఆపిన బౌండరీ, గురితప్పిన విసురు మాత్రం అందులో కనిపించవు. బేస్‌బాల్‌లో ఫీల్డర్ చేసిన తప్పిదాన్ని అధికారిక స్కోరర్ అతని పేరు మీదే రాస్తాడు. క్రికెట్‌లో ఆ పని ప్రసార సంస్థలకు, ప్రైవేటు విశ్లేషకులకు వదిలేశారు. వారి లెక్కలు ఒకరివి ఒకరితో కలవవు. కష్టమైన అవకాశమేదో, సులువైనదేదో నిర్ణయించే ఉమ్మడి ప్రమాణమూ లేదు.

దీనివల్ల నష్టం రెండు రకాలు. బాగా పనిచేసిన శిక్షకుడు తన పనిని రుజువు చేసుకోలేడు. లోపమున్న చోట బాధ్యత ఎవరిదో తేలదు. ఫస్ట్‌క్లాస్ పేరు లేకుండా పనితనంతోనే పైకొచ్చిన దిలీప్ లాంటివారికి ఇది మరింత ప్రమాదం. ఆడిన పేరు ఉన్నవారికి అది అండగా నిలుస్తుంది. పనే పేరైనవారికి పనిని కొలిచే సాధనమే అండ. దేశవాళీ మ్యాచ్‌లన్నింటిలో ఫీల్డింగ్ వివరాలను బీసీసీఐ ఒకే పద్ధతిలో నమోదు చేయించి ప్రకటిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. 2016లో బోర్డు పూర్తిస్థాయి సభ్యత్వం పొందిన ఛత్తీస్‌గఢ్ వంటి కొత్త సంఘాలకూ ప్రతిభను గుర్తించే మరో దారి తెరుచుకుంటుంది.

ఆ దారి ఎంత ఫలవంతమో మహిళల జట్టు నవంబరు 2న చూపింది. నవీ ముంబయిలో ప్రపంచకప్ ఫైనల్‌లో అమన్‌జోత్ కౌర్ నేరుగా వికెట్లను కొట్టి తజ్మిన్ బ్రిట్స్‌ను రనౌట్ చేసింది. శతకం సాధించిన లారా వోల్వార్ట్ క్యాచ్‌ను తడబడుతూనే మూడో ప్రయత్నంలో పట్టింది. భారత్ 52 పరుగులతో తొలి ప్రపంచకప్ గెలిచింది. బ్యాటుతో, బంతితో పెద్దగా ప్రభావం చూపని రోజున కూడా ఒక క్రీడాకారిణి ఫైనల్‌ను మలుపు తిప్పగలదనడానికి అది నిదర్శనం.

ఫిబ్రవరి 7 నుంచి భారత్, శ్రీలంకల్లో టీ20 ప్రపంచకప్ మొదలవుతుంది. టైటిల్ నిలబెట్టుకోవాల్సింది సూర్యకుమార్ సేన. ఫ్లడ్‌లైట్ల కింద, తడి బంతితో క్యాచ్‌లు అందుకోవాల్సిన రాత్రులు అప్పుడూ ఉంటాయి. టాస్ జట్టు చేతిలో లేదు, మంచూ లేదు. చేతిలో ఉన్నది బంతి పట్టే నేర్పు ఒక్కటే. దానికి ముందే లెక్క రాసుకుంటే దిద్దుబాటుకు ఇంకా రెండు నెలల సమయం ఉంది.