పదునైదు దినముల గడువు

మైలవరమునకు చేరువనున్న ఇబ్రహీంపట్నమున 1979 నుండి పొగగొట్టములు లేచుచున్నవి. నార్ల తాతారావుగారి పేరిటి యా కేంద్రపు బూడిదను మన ప్రాంతమువా రెరుగుదురు. అచ్చట పుట్టు శక్తి తమ గోడమీద నే షరతులపై దిగుచున్నదో మాత్ర మనేకు లెరుగరు.

కేంద్ర ప్రభుత్వమువారు 2021లో 3,03,758 కోట్ల రూపాయల పంపిణీ సంస్కరణ పథకమును ప్రారంభించి, దేశమం దిరువదియైదు కోట్ల స్మార్టు మీటర్లు పెట్టదలచిరి. యంత్రముతో మాకు వైరము లేదు. పగలు సౌరశక్తి విరివిగా వచ్చి సందెవేళకు సన్నగిల్లు నీ దినములలో, ఏ తీగెపై నెంత బరువున్నదో గడియగడియకు తెలియక పంపిణీ సాగదు. కాని కొలుచు యంత్రము వేరు, సొమ్ము ముందుగా కట్టవలెనను నిర్బంధము వేరు. రెంటిని నొక్క పెట్టెలో నమర్చి పంపుటయే మా యభ్యంతరము.

2003 నాటి విద్యుత్ చట్టము 56వ సెక్షను, బాకీపడినవాని కనెక్షను తీయుటకు ముందు పదునైదు పూర్తి దినముల వ్రాతమూలకమగు నోటీసు నిమ్మని శాసించినది. 47వ సెక్షను, ప్రీపెయిడు మీటరున కిష్టపడువాని నుండి డిపాజిట్టు కోరరాదన్నది. ఇష్టపడువాడను మాటను పాఠకులు గమనింతురుగాక. 2020 నాటి నిబంధనలు మీటరన్నచో ప్రీపెయిడు మీటరే యనినవి. వానికి వినియోగదారుల హక్కుల నిబంధనలని పేరు!

ముందుగా కట్టిన సొమ్ముతో బాకీ యుండదు. బాకీ లేదు గనుక నోటీసును లేదు. సొమ్మయిపోయిన దీప మారును. నెలజీతగాని కిది చిన్న చిక్కు. బొమ్మలు చెక్కి యంగడి కంపి, వచ్చు రూపాయికై యెదురుచూచు కొండపల్లి పనివానికో? ఆ పదునైదు దినములే యతని యప్పుతీర్చు కాలము.

2023 జూన్ సవరణ వేళనుబట్టి ధరను తెచ్చినది: ఎండవేళ నూటి కిరువది తక్కువ, రద్దీవేళ గృహస్థునకు కనీసము నూటికి పది యెక్కువ; సేద్యమునకు మినహాయింపు. మిల్లు యజమాని తన మరను కొంత పగటికి జరుపుకొనగలడు. ఇల్లాలు సందెదీపమును మధ్యాహ్నమునకు జరుపగలదా?

సమ్మతి లేనిదే యిండ్లకు స్మార్టు మీటర్లు పెట్టబోమని 2025లో రాష్ట్ర విద్యుత్ శాఖామాత్యులు పలికిరి. సంతోషమే. అయితే మాట మంత్రితో మారును, ఉత్తరువు నిలుచును. ప్రీపెయిడు నిర్బంధమునుండి మినహాయింపు నొసగు నధికారమును 2020 నిబంధనలే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చేత నుంచినవి. ధరలపై నలిగిన ప్రజను వినకున్న నేమగునో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగు కాల్పులు చూపినవి. కావున మండలివారు గృహస్థునకు ముందుగానో వెనుకగానో సొమ్ము కట్టు స్వేచ్ఛ నీయవలెను. ప్రీపెయిడు కోరినవానికిని పదునైదు దినముల గడువు నిలుపవలెను.

ధరలు నిర్ణయించుటకు ముందు ప్రజల యభ్యంతరములను మండలి పరిశీలింపవలెనని చట్టమే చెప్పుచున్నది. మైలవరము పఠనమందిరమున గూర్చుండి యొక్క కాగితముపై తెలుగున వ్రాసి, పదిమంది చేవ్రాళ్లతో పంపుడు.